బస్సుకు టికెట్టు లేదు సరే... పుస్తకం మాటేమిటి?

మొన్నొకనాడు దీపాలు పెట్టే వేళకు మా ఎదురింటి అమ్మాయి వచ్చి మా గడపలో కూలబడింది. పొద్దున్నే బోథ్‌లో బస్సెక్కి ఆదిలాబాద్ వెళ్లి, డిగ్రీ కాలేజీలో పాఠాలు విని, మళ్లీ బస్సు పట్టుకుని ఇల్లు చేరేసరికి రోజూ ఆ వేళే అవుతుంది. సంచీలోంచి కాగితాల కట్ట ఒకటి తీసి నా ముందు పెట్టింది. అన్నీ జిరాక్సు కాగితాలు. సగం పేజీల్లో అక్షరాలు అలుక్కుపోయాయి. బొమ్మ ఉండాల్సిన చోట నల్లటి మచ్చ తప్ప మరేమీ లేదు.

“బస్సుకు రూపాయి ఖర్చు లేదు చిన్నమ్మా. గీ జిరాక్సులకే నెలకు మూడు నాలుగు వందలైతున్నయి. పుస్తకాలు కొందామంటె ఒక్కోటి రెండు వందల పైమాటే. మల్ల సెమిస్టర్ మారంగనే కొత్తయి కొనాలె. నాయిననడగాల్నంటె భయమైతున్నది” అంది.

వాళ్ల నాయినకు నాలుగెకరాల పత్తి చేను. తల్లి సొంత చేను పనయ్యాక ఇంకొకరి చేలో పత్తి ఏరడానికి పోతుంది. ఈ పిల్ల ఇంటర్ సర్కారు కాలేజీలో చదివింది. అక్కడ పుస్తకాలు చేతికిచ్చారు. డిగ్రీకి వచ్చేసరికి ఆ చెయ్యి వెనక్కి పోయింది.

2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. ఆ రోజుల్లో మా బస్టాండులో ఆడపిల్లల ముఖాలు చూడాలి! డిగ్రీ చదువు అంటే ఆదిలాబాద్ దాకా రానుపోను ఛార్జీలు లెక్కేసి, “వద్దులే, కుట్టు మిషను నేర్చుకో” అనే ఇళ్లు నాకు తెలుసు. ఆ లెక్క ఒక్కటి తప్పింది. మంచిదే. కానీ బస్సు కాలేజీ గేటు దాకానే తీసుకుపోతుంది. గేటు లోపల అడుగుపెట్టిన పిల్లకు కావలసింది పుస్తకం కదా!

నా నోటికి మొదట వచ్చిన మాట ఏమిటో తెలుసా? “ఈ కాలంలో పుస్తకాలు కొనడమేందే, అన్నీ ఫోన్లోనే దొరుకుతాయి గదా!” అన్నాను. నేనేదో లోకం తెలిసినదాన్ననుకుని. ఆ పిల్ల నవ్వింది. “ఫోను అన్న దగ్గరుంటది చిన్నమ్మా” అంది.

ఇంక నేనేం మాట్లాడను?

నా సంగతి కొంచెం చెప్పాలి. ఇంటర్ కాగానే నాకు పెళ్లయింది. 2006లో, చంకలో బిడ్డతో, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ బి.ఏ.లో చేరాను. ఆదివారం ఆదివారం ఆదిలాబాద్ స్టడీ సెంటర్లో తరగతులు. వెళ్లిన వారాలకన్నా వెళ్లలేకపోయిన వారాలే ఎక్కువ. అయినా డిగ్రీ చేతికొచ్చిందంటే ఆ పుస్తకాల పుణ్యమే. ఫీజుతో పాటే ఇచ్చేవారు. చక్కని తెలుగులో, ఎదురుగా మాస్టారు లేడు కాబట్టి మాస్టారే పుస్తకంలో కూర్చుని చెబుతున్నట్టు ఉండేవి. పాఠం మధ్యలో “ఇంతవరకు అర్థమైందా? ఈ ప్రశ్నకు జవాబు రాసి చూసుకోండి” అని ఆగేవి. కుక్కరు మూడో కూత వేసేలోపు ఒక భాగం చదివేదాన్ని. పసుపు మరకలు ఇప్పటికీ ఉన్నాయి.

ఉన్నాయి అన్నాను గానీ, నా దగ్గర మిగిలినవి రెండే! మిగతావన్నీ ఊళ్లు పట్టుకు పోయాయి. ఒకటి ఇచ్చోడలో గ్రూప్ పరీక్షకు చదివే అబ్బాయి దగ్గర, ఒకటి గుడిహత్నూర్‌లో మా ఆడబిడ్డ తోటికోడలి దగ్గర. తెలంగాణలో సర్కారు ఉద్యోగాల పరీక్షలు రాసేవాళ్ల చేతుల్లో తెలుగు అకాడమీ పుస్తకమో, ఓపెన్ యూనివర్సిటీ పుస్తకమో తప్పక కనిపిస్తుంది.

ఈ రెండు సంస్థలూ మన ఉత్తర తెలంగాణవాళ్ల చేతుల మీదుగా మొదలైనవే. తెలుగులో కాలేజీ పుస్తకాలు రావాలని 1968లో తెలుగు అకాడమీ పెట్టినప్పుడు దాని తొలి అధ్యక్షుడు పి.వి. నరసింహారావు. అప్పటి కరీంనగర్ జిల్లాలోని వంగర ఆయన ఊరు. 1982లో దేశంలోనే మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ మన దగ్గర మొదలైంది. అప్పట్లో దాని పేరు ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ. 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు. దాని తొలి వైస్ చాన్సలర్ ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డిది కూడా కరీంనగర్ జిల్లాయే. తర్వాత 1985లో ఢిల్లీలో ఇగ్నో పెడితే దానికీ తొలి వైస్ చాన్సలర్ ఆయనే. కాలేజీకి రాలేని మనిషి దగ్గరికి కాలేజీ పోవాలన్న ఆలోచన మనకేమీ పరాయిది కాదన్నమాట.

ఇక ఫోన్లో అన్నీ ఉన్నాయన్న నా మాట సంగతి. అబద్ధం కాదు. నిజంగానే ఉన్నాయి, చాలా ఉన్నాయి. 2001లో అమెరికాలోని ఎం.ఐ.టి. అనే పేరుమోసిన విశ్వవిద్యాలయం తన పాఠాలన్నీ ఇంటర్నెట్లో ఎవరికైనా ఉచితంగా పెడతానంది. లక్షలు పోసి చదివే చోట పాఠాలు ఊరికే ఇవ్వడమా అని ముక్కున వేలేసుకున్నవాళ్లున్నారు. ఇచ్చినా కాలేజీకి నష్టమేమీ రాలేదు. మన దేశంలో 2003లో ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి ఎన్‌పీటెల్ పేరుతో పాఠాల వీడియోలు మొదలుపెట్టాయి. కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా వచ్చాయి. 2017 జులైలో కేంద్రం ‘స్వయం’ తెచ్చింది. దాంట్లో కోర్సు చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. అక్కడ పాసైన కోర్సులను కాలేజీ ఒప్పుకుంటే డిగ్రీలో కలుపుకోవచ్చని యూజీసీ కూడా చెప్పింది. ఇగ్నో వాళ్ల పుస్తకాలు ఈ-జ్ఞానకోశ్‌లో ఉన్నాయి. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీ ఉంది. ఇవన్నీ ఎందుకు, మన రాష్ట్ర ప్రభుత్వానిదే టీ-శాట్ ఉంది. విద్య, నిపుణ అని రెండు ఛానళ్లు. మనం సీరియల్ చూసే ఆ టీవీలోనే!

మరి ఇంత విందు పరిచి ఉంటే మా ఎదురింటి పిల్ల నల్లటి మచ్చల జిరాక్సుల మీద ఎందుకు పడుతోంది?

మొదటిది, ఫోను. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగారు. తెలంగాణలో మగవాళ్లు నూటికి 57 మంది అవునన్నారు. ఆడవాళ్లలో 26 మందే. ఆ తర్వాత ఫోన్లు పెరిగే ఉంటాయి, కాదనను. కానీ ఇంట్లో ఒకటే మంచి ఫోను ఉంటే అది ఎవరి జేబులో ఉంటుందో మనకు సర్వేలు చెప్పాలా? 2020 సెప్టెంబరులో కరోనా వల్ల స్కూలు పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో చెప్పినప్పుడు, ఫోన్ల కోసం, సిగ్నల్ కోసం పిల్లలు పడ్డ పాట్లు చూశాం. అప్పుడు కూడా మా వీధిలో ఫోను ముందుగా దొరికింది మగపిల్లలకే. తప్పు నాది కూడా. మా వాడికి ఇచ్చిన తర్వాతే మా అమ్మాయికి ఇచ్చాను. “వాడిది పెద్ద క్లాసు” అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

రెండోది, భాష. ఈ పిల్ల ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిగ్రీలో తెలుగు మీడియం దొరకలేదు. బి.ఎస్సీ. ఇంగ్లీషులో చదువుతోంది. ఫోన్లో ఉన్న ఉచిత పాఠాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషే. నీళ్లు ఉచితం సరే, బావి లోతు ఎక్కువ, చేద చిన్నది. 1918లో ఉస్మానియా పెట్టినప్పుడు చదువంతా ఉర్దూలో చెప్పడానికి, దానికి ముందే ఒక అనువాద సంస్థను పెట్టి సైన్సు పుస్తకాలన్నీ ఉర్దూలోకి మార్పించారు. ఇంట్లో తెలుగో గోండో మరాఠీయో మాట్లాడే మా బోథ్ పిల్లలకు అది ఒరగబెట్టిందేమీ లేదనుకోండి, అది వేరే ముచ్చట. కానీ తలచుకుంటే పని అవుతుందని నూరేళ్ల కిందటే తేలింది.

మూడోది నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఈ పిల్లకు స్వయం గురించి ఎవరూ చెప్పలేదు. టీ-శాట్ పేరు వినలేదు. కాలేజీ పేరెందుకు గానీ, చేరిన మొదటి రోజు ఫీజు రశీదు గురించి, యూనిఫారం గురించి, హాజరు గురించి చెప్పారట. ‘మీ పాఠాలు ఇక్కడ ఉచితంగా దొరుకుతాయి’ అని ఒక కాగితం గోడకు అంటించడానికి ఎంత ఖర్చు? గైడు ఏ షాపులో దొరుకుతుందో మాత్రం అందరికీ తెలుసు!

ఇక్కడ మనం ‘ఉచితం’ అన్న మాటను కొంచెం విప్పి చూడాలి. పక్కింటావిడ వచ్చి పెరుగు అడిగిందనుకోండి. ఒక గిన్నెడు పెరుగు ఇస్తాం. అది ఉచితమే. కానీ తినేస్తే అయిపోయింది, మళ్లీ రేపు అడగాల్సిందే. అదే చెంచాడు తోడు ఇచ్చామనుకోండి. ఆవిడ తన పాలు తోడు పెట్టుకుంటుంది. మనది ఆవుపాలైతే ఆవిడ గేదెపాలలో వేసుకుంటుంది. రేపు ఇంకొకరికి తోడు ఇస్తుంది. మన గిన్నెలో ఏమీ తగ్గదు.

ఫోన్లో చూడనిచ్చి, దాచుకోకూడదు, అచ్చు వేసుకోకూడదు, తెలుగు చేసుకోకూడదు అంటే అది గిన్నెడు పెరుగు. దాచుకో, పంచుకో, మీ ఊరి భాషలోకి మార్చుకో, మీ చేలోని ఉదాహరణ చేర్చుకో, రాసినవాళ్ల పేరు మాత్రం ఉంచు అని ముందే రాసిచ్చేస్తే అది తోడు. ఇటువంటి పుస్తకాలకు, పాఠాలకు 2002లో యునెస్కో సమావేశంలో ఒక పేరు పెట్టారు. స్వేచ్ఛగా వాడుకునే విద్యా వనరులు అని మనం చెప్పుకోవచ్చు. 2019 నవంబరులో అదే యునెస్కోలో సభ్యదేశాలన్నీ కలిసి, ఇటువంటివాటిని ప్రోత్సహించాలని సిఫారసు చేశాయి. ప్రజల డబ్బుతో తయారైన పాఠం ప్రజలకు ఇలా దక్కాలన్నది దాని సారం. మన దేశమూ అందులో ఉంది.

ఆ లెక్కన ముందు అడగాల్సింది ఎక్కడో అమెరికాను కాదు, మన తెలుగు అకాడమీని, మన విశ్వవిద్యాలయాలను. ఆ పుస్తకాలు రాయించింది ప్రజల కోసమే కదా! అచ్చు పుస్తకానికి కాగితం ఖర్చు ఉంటుంది, ధర పెట్టండి, కొనగలిగినవాళ్లు కొంటారు. అదే పుస్తకం ఫోన్లోకి, కాలేజీ కంప్యూటర్లోకి దించుకునేలా పూర్తిగా తెరిచి పెట్టండి. సిలబస్ మారితే మారిన అధ్యాయం ఒక్కటే మార్చండి. ఉట్నూరులో ఒక లెక్చరర్ దాంట్లో రెండు గోండి మాటలు చేర్చి తన పిల్లలకు చెప్పుకుంటానంటే కాదనకండి. తెలుగొక పేజీ, ఇంగ్లీషొక పేజీ ఎదురెదురుగా వేస్తే మా ఎదురింటి పిల్లవంటివాళ్లకు అంతకన్నా మేలు లేదు.

జిరాక్సు మాట వచ్చింది కాబట్టి ఒక కేసు గుర్తొస్తోంది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫొటోకాపీ సర్వీస్ అని చిన్న జిరాక్సు కొట్టు. లెక్చరర్లు చదవమన్న పుస్తకాల్లోంచి కొన్ని కొన్ని పేజీలు కలిపి పిల్లలకు కట్టలుగా చేసి ఇచ్చేవాళ్లు. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లతో సహా పెద్ద పెద్ద ప్రచురణ సంస్థలు ఆ కొట్టు మీద, విశ్వవిద్యాలయం మీద కేసు వేశాయి. పిల్లలు, పాఠాలు చెప్పేవాళ్లు కూడా తమ మాట వినమని కోర్టుకు ఎక్కారు. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు కేసు కొట్టేసింది. డిసెంబరులో ఇద్దరు జడ్జీల బెంచి కూడా, చదువు చెప్పడానికి అవసరమైన మేరకు కాపీలు తీయడం మన కాపీరైటు చట్టం ప్రకారం తప్పు కాదనే చెప్పింది. 2017 మార్చిలో ఆ సంస్థలు కేసు వెనక్కి తీసుకున్నాయి. మా బస్టాండు దగ్గరి జిరాక్సు అబ్బాయికి ఈ సంగతి చెబితే, “మనమీద కూడా కేసులేస్తరా అక్కా!” అని బిత్తరపోయాడు. అయితే ఆ తీర్పు చదువు అవసరం వరకే. పుస్తకాలకు పుస్తకాలే ఎత్తి అచ్చు వేసి అమ్ముకోమని కాదు.

మీలో కొందరు నన్నడుగుతారు. “నువ్వూ కథలు రాస్తావు కదమ్మా, నీ కథ ఊరికే పంచేస్తే ఊరుకుంటావా?” అని. న్యాయమైన ప్రశ్నే. రెండేళ్ల కిందట నా కథ ఒకటి నా పేరు తీసేసి వాట్సప్‌లో తిరిగింది. మా చెల్లెలే నాకు పంపి “అక్కా, ఎంత బాగుందో చదువు” అంది! రెండు రోజులు అన్నం సయించలేదు. కాబట్టి దొంగతనం వేరు, ఇష్టపడి ఇవ్వడం వేరు. టెలిగ్రామ్‌లో తిరిగే పుస్తకాల్లో చాలా భాగం దొంగిలించినవే. వాటిలో పేజీలు కూడా సరిగ్గా ఉండవు. నేను అడిగేది అది కాదు. రాసినవాళ్లకు ఇవ్వాల్సింది ప్రభుత్వం ముందే ఇచ్చేయాలి. పేరు తప్పక ఉంచాలి. ఆ తర్వాత తలుపు తీసి పెట్టాలి. నవల వేరు, పాఠ్యపుస్తకం వేరు. నా కథ చదవకపోతే ఎవరికీ నష్టం లేదు. జువాలజీ పుస్తకం దొరకకపోతే ఒక పిల్లకు బ్యాక్‌లాగ్ మిగులుతుంది. రెండు మూడు బ్యాక్‌లాగులు పడితే ఇంట్లో పెళ్లి మాట మొదలవుతుంది. మా ఇళ్లలో జరిగేది ఇదే, కాదంటారా?

లెక్చరర్లను కూడా ఒక మాట అడగాలి. ఏటా మీరు రాసే నోట్సు జిరాక్సు కొట్టులో పెట్టే బదులు మీ పేరుతో అందరికీ పంచితే, మీ విద్యార్థులే కాదు, మంచిర్యాలలో, కాగజ్‌నగర్‌లో పిల్లలు కూడా మీ విద్యార్థులవుతారు. కాకతీయ విశ్వవిద్యాలయం కింద ఉన్న కాలేజీలన్నిటికీ సిలబస్ ఒకటే కదా!

మన వంతు? ఆ రాత్రే ఎదురింటికి వెళ్లాను. వాళ్లమ్మ పొయ్యి దగ్గర ఉంది. సంగతి చెప్పాను.

“పోరి చేతిల ఫోనుంటె నలుగురు ఏమంటరక్కా?” అంది.

“నలుగురూ ఫీజు కడుతున్నరా?” అన్నాను. కొంచెం కటువుగానే అన్నానేమో. ఆమె మాట్లాడలేదు. కొడుకే అటునుంచి, “రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాక ఇస్త పెద్దమ్మా. గప్పుడు నాకు పనేం లేదు” అన్నాడు. మనం అడగం గానీ, అడిగితే ఇచ్చే అన్నలు కూడా ఉన్నారు. పైగా ఎక్కువ డేటా ఖర్చు కాకుండా వీడియో నాణ్యత తగ్గించుకోవడం, కాలేజీలో వైఫై ఉన్నచోట పాఠం దించుకుని తెచ్చుకోవడం చెల్లెలికి నేర్పింది వాడే.

ఇక తెలుగు పుస్తకం కోసం నేను ఆదిలాబాద్‌లో నాతో పాటు ఓపెన్ యూనివర్సిటీలో చదివిన స్నేహితురాలికి ఫోన్ చేశాను. వాళ్ల ఆయన అక్కడే బి.ఎస్సీ. చేశారు. అటక మీద జువాలజీ, బోటనీ తెలుగు మీడియం పుస్తకాలు దొరికాయి. పాతవే. కణం, జీర్ణక్రియ, పురుగుల జీవితచక్రం ఏమీ మారిపోలేదు కదా! పిల్ల ఇప్పుడు ముందు తెలుగు పుస్తకం చదువుతుంది. తర్వాత ఫోన్లో ఇంగ్లీషు పాఠం వింటుంది. రెండోసారి వింటే అర్థమవుతోందట. సెమిస్టర్ పరీక్షలు ఇంకా కాలేదు, ఎలా రాస్తుందో చూడాలి.

నిన్న రాత్రి కొత్తిమీర కట్ట కోసమని వాళ్లింటికి వెళ్లాను. వసారాలో పిల్ల ఫోను ముందు కూర్చుని ఏదో పేరు పలకలేక తిప్పలు పడుతోంది. “పెక్టి... పెక్టినోఫోరా గాసి... గాసిపియెల్లా.” వాళ్లమ్మ పక్కన కూర్చుని పత్తి గింజలు ఒలుస్తోంది. తెర మీద పత్తికాయ కోసి చూపించారు. లోపల గులాబీ రంగులో ఒక పురుగు కదులుతోంది. ఆమె చేతిలో పత్తి పక్కన పెట్టి ముందుకు వంగింది.

“గిది మన చేన్ల పురుగే గదనే! ఏమంటున్నడు సారు, జర మల్ల పెట్టు” అంది.